క్రీమ్ మొదటి ఏడాదిని వాయించి చూశాం

మేము పెట్టుకున్న నియమం ఒక్కటే. లండన్ రాక్ బ్యాండు క్రీమ్ పుట్టిన 1966లో ఏయే పాటలు వాయించేదో ముందు అవే నేర్చుకోవాలి. అవి పట్టుబడ్డాకే 1967లో అడుగుపెట్టాలి. ఎంత ఊరించే పాటైనా సరే, కాలక్రమం దాటి ముందుకు దూకకూడదు. ‘సన్‌షైన్ ఆఫ్ యువర్ లవ్’ కోసం నెలల తరబడి ఆగాలని తెలిసి మా గిటారిస్టు గొణిగాడు. గొణగడా మరి! గిటారు కొందామని దుకాణానికి వెళ్లిన కుర్రవాడు అక్కడే నిలబడి వాయించి చూసే నాలుగైదు రిఫ్‌లలో (పాటలో పదేపదే తిరిగొచ్చే చిన్న స్వరాల ముక్కల్లో) అదొకటి.

ఇంత చాదస్తం ఎందుకంటే, మాకు కావలసింది పాటలు రావడం కాదు. పాటలు నేర్పే వీడియోలకు కొదవ లేదు. రాక్ చరిత్రలో మొదటి సూపర్‌గ్రూప్ అని చాలామంది చెప్పుకునే ఆ బ్యాండులో, అప్పటికే పేరున్న ముగ్గురు ఒక గదిలో చేరి, చేతిలో సరిపడా పాటలు కూడా లేని స్థితి నుంచి ఏడాదిలో అంత సంగీతం ఎలా తీశారో వాయించి తెలుసుకోవాలనిపించింది. పుస్తకాల్లో అది ముగ్గురు మేధావుల కథ. వాయిస్తే వేరే కథ బయటపడుతుందని నాకు ముందు నుంచీ అనుమానం.

మా ముగ్గురి పూర్వాశ్రమాలు వేరు. నేను పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడిని. రిసెప్షన్ వేదిక మీద ఫొటోలకు అడ్డం రాకుండా ఓ మూల నిలబడి, సినిమా పాటల కింద మంద్రస్వరాలు పరిచి, భోంచేసి ఇంటికొచ్చే ఉద్యోగం. డ్రమ్మరు చర్చిలో పెరిగాడు. ఆదివారం ఆరాధనల్లో, క్రిస్మస్ కార్యక్రమాల్లో చిన్నప్పటి నుంచీ వాయించి చేయి తిరిగినవాడు. మాకన్నా పెద్దవాడు కాబట్టి ఇద్దరమూ అన్నా అంటాం. గిటారిస్టు ఇంజినీరింగ్ కాలేజీ మెటల్ బ్యాండు ముక్కలైతే బయటపడ్డవాడు. మూడు బ్యాండ్ల నుంచి వచ్చాం కాబట్టి మనదీ సూపర్‌గ్రూపే అని వాడి హాస్యం. మా ముగ్గురి అభిమానులనూ ఒకచోట చేర్చినా సెట్విన్ బస్సు నిండదు.

వాయించడానికి ముందు ఆ బ్యాండు ఎలా కలిసిందో ముగ్గురమూ కూర్చుని చదువుకున్నాం. అది పాటకు పనికొచ్చే సమాచారమని అప్పుడు అనుకోలేదు.

1966 వసంతంలో గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్‌కు 21 ఏళ్లు. తానున్న యార్డ్‌బర్డ్స్ బ్యాండు పాప్ పాటల వైపు మళ్లుతోందని అలిగి 1965లో బయటికొచ్చి, అమెరికా నల్లజాతివారి సంగీతమైన బ్లూస్ వాయించే జాన్ మేయాల్ బ్యాండు బ్లూస్‌బ్రేకర్స్‌లో చేరాడు. అక్కడ లెస్ పాల్ గిటారును మార్షల్ ఆంప్లిఫయరుకు తగిలించి తీసిన నాదానికి లండన్ కుర్రకారు పిచ్చెత్తిపోయింది. ఇజ్లింగ్టన్‌లో ఒక గోడ మీద అతన్ని ఏకంగా దేవుణ్ని చేస్తూ రాత వెలిసింది. అదే ఊళ్లో జింజర్ బేకర్ గ్రాహమ్ బాండ్ ఆర్గనైజేషన్‌లో డ్రమ్స్ వాయిస్తున్నాడు. బాండ్ మత్తుమందుల్లో కూరుకుపోతే ఆ బ్యాండు వ్యవహారాలన్నీ నెత్తిన వేసుకుని విసిగిపోయి ఉన్నాడు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్లూస్‌బ్రేకర్స్ కచేరీ అయ్యాక క్లాప్టన్‌ను తన కొత్త రోవర్ కారులో లండన్‌కు ఎక్కించుకొస్తూ, మనమే ఒక బ్యాండు పెడదామా అని అడిగాడు. క్లాప్టన్ ఒప్పుకున్నాడు. బేస్ మాత్రం జాక్ బ్రూసే వాయించాలన్నాడు. ఆ మాట విని బేకర్ కారును గుద్దేసినంత పని చేశాడట.

ఎందుకు ఉలిక్కిపడ్డాడంటే, బ్రూసూ అతనూ బాండ్ దగ్గర కలిసి పనిచేసినవాళ్లే. వేదిక మీదే ఒకరి వాయిద్యాలను ఒకరు పాడుచేసుకునేంత పగ వాళ్లది. 1965లో బేకర్ అతన్ని బ్యాండు నుంచి గెంటేశాడు. అయినా బ్రూస్ కచేరీలకు వస్తూనే ఉంటే కత్తి చూపించి బెదిరించాడని అంటారు. క్లాప్టన్‌కు ఈ వైరం లోతు తెలియదు. బ్రూస్ కొద్దికాలం మేయాల్ దగ్గర వాయించినప్పుడు పక్కన నిలబడి విన్నాడు, పవర్‌హౌస్ పేరుతో జరిగిన ఒక రికార్డింగులో మళ్లీ కలిసి వాయించాడు. ఆ బేస్ తనకు కావాలి, అంతే. ఆ సమయానికి బ్రూస్ మాన్‌ఫ్రెడ్ మాన్ బ్యాండులో ఉన్నాడు. ఆ బ్యాండు ‘ప్రెటీ ఫ్లమింగో’ పాట మే నెలలో బ్రిటన్ అమ్మకాల పట్టికలో మొదటి స్థానానికి చేరింది. అంత స్థిరమైన కొలువు వదిలి పాత శత్రువుతో కలవమని అడగడానికి బేకరే బ్రూస్ ఇంటికి వెళ్లాల్సి వచ్చింది.

ఇక్కడ నన్ను ఆపిన విషయం ఒకటుంది. ముగ్గురి తలల్లో మూడు బ్యాండ్లున్నాయి. బేకర్ లెక్కలో ఆలోచన తనది, పిలిచింది తాను, కాబట్టి బ్యాండు తనది. క్లాప్టన్ 1965లో లండన్ మార్క్వీ క్లబ్బులో అమెరికన్ బ్లూస్ గిటారిస్టు బడ్డీ గై ముగ్గురి జట్టుతో వాయించగా చూశాడు. గిటారిస్టు ముందు నిలబడి పాడుతూ వాయిస్తుంటే వెనక ఇద్దరు ఒద్దికగా తోడు నిలవడం అతనికి ఆదర్శం. తానే బడ్డీ గై, మిగిలిన ఇద్దరూ తోడు అనుకున్నాడు. బ్రూస్ చూస్తే గ్లాస్గోలోని సంగీత కళాశాలలో చెల్లో, స్వరరచన చదివినవాడు. పాటలు కట్టడానికీ పాడడానికీ ఒక చోటు కోసం చూస్తున్నాడు. ముగ్గురూ ఒకే ఒప్పందానికి తలూపారు గాని, ఆ ఒప్పందంలో ఏముందో ఎవరికి వారే రాసుకున్నారు. పేరు మాత్రం పేచీ లేకుండా కుదిరింది. క్రీమ్ అంటే మీగడ, అంటే మేటి. తామే మేటి అన్న నమ్మకంలో ముగ్గురిదీ ఒకే మాట.

మొదటిసారి వాళ్లు కలిసి వాయించింది నీస్డెన్‌లో బేకర్ ఇంట్లో. ఇంకా పాత బ్యాండ్లకు రాజీనామాలు చెప్పకముందే జూన్ 11న ‘మెలడీ మేకర్’ పత్రిక సంగతి బయటపెట్టేసింది. ఆ తర్వాత తమ తమ యజమానులకు మొహం ఎలా చూపించారో గాని, ఆ గొడవ నాకంత ఆసక్తి కలిగించలేదు. మా దృష్టంతా ఆ గది మీదే.

మా గది మియాపూర్ వైపు ఉంది. గంట లెక్కన అద్దె. ఏసీ వేస్తే దాని మోత రికార్డింగులో పడుతుంది, ఆపితే చెమటకు తీగలు జారతాయి. మొదట ఎత్తుకున్న పాట ‘స్పూన్‌ఫుల్’. విల్లీ డిక్సన్ రాయగా హౌలింగ్ ఉల్ఫ్ 1960లో పాడిన బ్లూస్ పాట అది. రిఫ్‌లో ఉన్నవి రెండు స్వరాలే. కార్డు (కలిపి మోగే స్వరాల గుంపు) మారదు. చూడగానే ఇదేం కష్టమనిపిస్తుంది. వాయించడం మొదలుపెట్టాక గిటారిస్టు సోలో ఎత్తుకోగానే గది ఒక్కసారిగా బోసిపోయింది. ఆగి, మళ్లీ మొదలుపెట్టాం. మళ్లీ అంతే. తప్పు స్వరం ఎక్కడా పడలేదు, లయ తప్పలేదు, అయినా ఎవరో ఇద్దరు రావలసి ఉండగా రానట్టు వినిపిస్తోంది.

కారణం నాకే ముందు తట్టింది, ఎందుకంటే ఆర్కెస్ట్రాలో బతికినవాణ్ని. అక్కడ కీబోర్డు ఉంటుంది. విందులో సాంబారు లాంటిది కీబోర్డు. ఏ కూర తక్కువైనా అది పోసేస్తే విస్తరి నిండినట్టే కనిపిస్తుంది. వయోలిన్ రాకపోయినా, రెండో గిటారు లేకపోయినా కీబోర్డు కప్పేస్తుంది. దాని చాటున బేస్ వాయించేవాడు మూలస్వరం పట్టుకుని నిశ్చింతగా ఉండవచ్చు. ఇక్కడ గిటారు కార్డులు వదిలి పైకి వెళ్లిపోగానే మధ్యలో ఉన్నదంతా ఖాళీ. కింద నేను ఒక్కణ్ని మూలస్వరం కొడుతూ మిగిలాను.

అప్పుడు పాత పేర్లన్నీ మరోసారి చూసుకున్నాం. గ్రాహమ్ బాండ్ ఆర్గన్ వాయించేవాడు, పైగా ఆ బ్యాండులో శాక్సఫోను కూడా. మేయాల్ ఆర్గన్, పియానో వాయించేవాడు. మాన్‌ఫ్రెడ్ మాన్ సరేసరి, కీబోర్డు కళాకారుడి పేరే బ్యాండు పేరు. అంటే క్రీమ్ ముగ్గురూ కీబోర్డు నీడలో ఉన్న బ్యాండ్ల నుంచే వచ్చారు. క్లాప్టన్ మొదట్లో ఆర్గన్ వాయించే స్టీవ్ విన్‌వుడ్‌ను కూడా పిలుద్దామన్నాడు. మిగిలిన ఇద్దరూ ఆ మాట సాగనివ్వలేదు. సాగి ఉంటే మనం వినే క్రీమ్ ఉండేది కాదని నేను గట్టిగా నమ్ముతాను. ఆ మధ్య ఖాళీని నింపడానికే బ్రూస్ బేస్‌ను రెండో సోలో వాయిద్యంలా వాడాడు, బేకర్ కాలితో మోగించే బేస్ డ్రమ్ములు రెండు, చేతి కర్రలతో వాయించే టామ్‌లు ఉపయోగించి చోటంతా కమ్ముకున్నాడు. ప్రతిభ వాళ్లకు ముందే ఉంది. దాన్ని ఆ తీరుకు మలిచింది మాత్రం గదిలో నాలుగో మనిషి లేకపోవడం.

ఇది అర్థమయ్యాక నా పని మొదలైంది. బ్రూస్ తనకు మార్గం చూపినవాళ్లుగా అమెరికాలోని మోటౌన్ రికార్డు సంస్థ బేసిస్టు జేమ్స్ జేమర్సన్‌తో పాటు పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బాఖ్ పేరు చెప్పేవాడు. వినడానికి గొప్పలు చెప్పుకోవడంలా ఉంటుంది గాని, వాయిస్తే అందులో నిజముంది. గిటారు ఒక వాక్యం చెబుతుంటే బేస్ దానికి ఎదురు వాక్యం అల్లుతుంది. రెండూ కలిసినప్పుడే కార్డు ఏమిటో చెవికి తెలుస్తుంది. బ్రూస్ తర్వాతి రోజుల్లో ఎక్కువగా వాడిన గిబ్సన్ ఈబీ-3 పొట్టి మెడ బేస్. సన్నటి తీగలతో గిటారులా స్వరం వంచవచ్చు. నా దగ్గరున్నది పొడవు మెడ, మందపు తీగలు. తీగలు మార్చాను. వేళ్లు కాయలు కాశాయి. పెళ్లిళ్లలో ఎప్పుడూ దాటని పన్నెండో ఫ్రెట్టు (మెడ మీది మెట్టు) అవతల కాపురం పెట్టాను. కొన్ని వారాలకు సోలో వచ్చినప్పుడు గది బోసిపోవడం తగ్గింది.

అయితే అన్నకు ఇది నచ్చలేదు. “నువ్వు కింద నిలబడకపోతే నేను దేని మీద వాయించాలి?” అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. బ్రూస్, బేకర్‌ల కొట్లాటల గురించి చదివినప్పుడు రెండు పొగరుబోతు తలలు ఢీకొన్నాయనే అనుకున్నాను. డ్రమ్మరుకు కాలి కింద నేల కావాలి, ఈ పద్ధతిలో బేసిస్టు ఆ నేల ఇవ్వడు. వాళ్ల పగకు వేరే కారణాలు నూరు ఉండవచ్చు గాని, ఈ ఒక్క కారణం సంగీతంలోనే ఉంది.

క్రీమ్ మొదటి కచేరీ 1966 జూలై 29న, మాంచెస్టర్‌లోని ట్విస్టెడ్ వీల్ క్లబ్బులో. మర్నాడు వెంబ్లీలో ఇంగ్లండ్ ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు గెలిచింది. ఆ పై రోజు, జూలై 31న, విండ్సర్ జాజ్ అండ్ బ్లూస్ ఉత్సవంలో ఈ ముగ్గురూ వానలో వేలమంది ముందు నిలబడ్డారు. చేతిలో ఉన్న పాటలు కొద్దే. అవి అయిపోతే బ్లూస్ ఎత్తుకుని దాన్నే సాగదీస్తూ పోయారు. రాక్ బ్యాండ్లు వేదిక మీద సుదీర్ఘంగా వాయించే పద్ధతికి క్రీమ్‌ను మూలపురుషులుగా చెబుతారు. ఆ పద్ధతికి విత్తనం పాటలు చాలకపోవడంలో ఉందంటే కొందరు అభిమానులకు కష్టం కలగవచ్చు.

ఉన్న కొద్దిపాటి పాటలూ ఎక్కువగా పాత ఇళ్ల నుంచి మోసుకొచ్చినవే. ‘స్టెపిన్ అవుట్’ క్లాప్టన్ మేయాల్ దగ్గర వాయించింది. ‘క్రాస్‌రోడ్స్’ పవర్‌హౌస్ నాటిది. బ్రూస్ మౌతార్గన్ మీద ఊదుతూ పాడే ‘ట్రెయిన్‌టైమ్’ బాండ్ రోజులది. బేకర్ డ్రమ్స్ సోలో ‘టోడ్’కు కూడా బాండ్ రికార్డులోని ‘కేమెల్స్ అండ్ ఎలిఫెంట్స్’ పూర్వరూపం. మేమూ అదే పని చేశాం. మా పరిచయస్థుడి కాలేజీ ఉత్సవంలో గంట సమయమిచ్చారు. మా నియమం ప్రకారం చేతిలో ఉన్న పాటలు అరగంటలో అయిపోయాయి. ముందే తెలుసు, కావాలనే వెళ్లాం. మిగిలిన అరగంట ఏం జరుగుతుందో చూడాలనే కదా ఇదంతా.

మొదటి కొన్ని నిమిషాలు ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ పన్నెండు బార్ల చుట్టుగా తిరిగే బ్లూస్ తిప్పాం. గిటారిస్టు తనకు వచ్చినవన్నీ వాయించేశాడు. మెటల్ బ్యాండులో నేర్చిన వేగమంతా మొదటి రెండు చుట్లలోనే ఖర్చయిపోయింది. ఆ తర్వాతే అసలు వినడం మొదలైంది. నేను ఒక చిన్న ముక్క వాయిస్తే అతను దాన్ని పట్టుకుని తిప్పి ఇచ్చాడు. అన్న సందు చూసి హై హ్యాట్ తాళాలు వదిలి టామ్‌ల మీదికి దిగాడు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది పోయింది. కింద కూర్చున్న పిల్లల్లో సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు, నలుగురు మాత్రం వేదిక దగ్గరికి వచ్చి నిలబడ్డారు. వాయిస్తున్నవాళ్లకు అది మహదానందం. వింటున్నవాళ్లకు కూడా అంతేనని హామీ ఇవ్వలేను. క్రీమ్ సుదీర్ఘ వాయింపుల్లోనూ కొన్ని చోట్ల నాకు ఇదే అనుమానం.

‘టోడ్’ గురించి ఒక మాట. తని ఆవర్తనం విని పెరిగిన చెవికి డ్రమ్స్ సోలో వింతేమీ కాదు. తేడా ఏమిటంటే, తనిలో తాళం చేతుల్లో నడుస్తూనే ఉంటుంది, మృదంగం ఎంత దూరం వెళ్లినా సభ మొత్తం దానికి సాక్షి. బేకర్‌కు ఆ సాక్షులు లేరు. ఫిల్ సీమన్ అనే జాజ్ డ్రమ్మరు అతనికి ఆఫ్రికా లయలు వినిపించాడు. కాళ్లు రెండూ ఒక నడక నడుస్తుంటే చేతులు దాని మీద మరో నడక వేయడం ఆ చదువు ఫలితమే. అన్న దగ్గర ఉన్నది ఒక్క బేస్ డ్రమ్. జంట పెడల్ అరువు తెచ్చి సాధన చేశాడు. ఎడమ కాలు మాట వినడానికి కుడి కాలికన్నా చాలా ఎక్కువ రోజులు తీసుకుంది.

1966 శరత్కాలంలో వాళ్లకు మరో దెబ్బ తగిలింది. అక్టోబరు 1న రీజెంట్ స్ట్రీట్ పాలిటెక్నిక్‌లో క్రీమ్ కచేరీకి, లండన్‌లో దిగి వారం రోజులైన ఒక అమెరికన్ వచ్చి కలిసి వాయిస్తానన్నాడు. పేరు జిమీ హెండ్రిక్స్. ‘కిల్లింగ్ ఫ్లోర్’ ఎత్తుకున్నాడు. దేవుడనిపించుకున్న గిటారిస్టు ఆ రోజు కళవళపడ్డాడు. అదే నెలలో వచ్చిన మొదటి సింగిల్ ‘రాపింగ్ పేపర్’ కూడా జనాన్ని తికమక పెట్టింది. బ్లూస్ పిడుగులు అనుకున్నవాళ్లు పాతకాలపు నాటకాల్లోలాంటి మెత్తటి పాట ఇచ్చారు. అది 34వ స్థానం దాటలేదు. మేమూ నేర్చుకున్నాం, రెండుసార్లు వాయించి పక్కన పెట్టాం. డిసెంబరులో వచ్చిన ‘ఐ ఫీల్ ఫ్రీ’ 11వ స్థానానికి వెళ్లింది. దానితో పాటే డిసెంబరు 9న విడుదలైన ‘ఫ్రెష్ క్రీమ్’ ఆల్బమ్ బ్రిటన్‌లో ఆరో స్థానం అందుకుంది. ‘ఐ ఫీల్ ఫ్రీ’ మొదట్లో వచ్చే గొంతుల కూర్పు ముగ్గురం పాడితే మా గది పక్క షట్టరు టైలరు వచ్చి ఎవరికైనా బాగోలేదా అని అడిగాడు.

ఆల్బమ్‌ను వరసగా వాయిస్తే అధికారం ఎటు జారుతోందో తెలిసిపోతుంది. పాటల్లో ఎక్కువ భాగం పాడేది బ్రూస్. సొంత పాటల్లోనూ అతని వాటా పెద్దది. కవి పీట్ బ్రౌన్‌ను పాటలు రాయడానికి పిలిపించినది బేకర్ కోసం, జోడీ కుదిరింది మాత్రం బ్రూస్‌తో. బడ్డీ గై కల కన్న క్లాప్టన్ ఆరు నెలలు తిరక్కముందే పక్కకు జరిగాడు. గాయకుడిగా అతనికి తన గొంతు మీద అప్పటికి నమ్మకం లేదు. మైకు ఖాళీగా ఉంటే పాడగలిగినవాడి ముందుకే వెళుతుంది.

ఇక 1967. మార్చి చివర న్యూయార్క్‌లో ముర్రే ద కే అనే రేడియో ప్రముఖుడు 58వ వీధి ఆర్‌కేఓ థియేటర్‌లో రోజుకు అనేక ఆటలుగా నడిపిన ప్రదర్శనలో క్రీమ్‌కు చోటు దొరికింది. ద హూ బ్యాండు కూడా అందులో ఉంది. ఒక్కో ఆటలో వీళ్లకు ఒకటి రెండు పాటలకే సమయం. వాయింపు సాగదీయడం అలవాటైన వాళ్లకు అది శిక్షే. మే నెలలో అట్లాంటిక్ స్టూడియోకు వచ్చి కొద్ది రోజుల్లోనే రెండో ఆల్బమ్ ‘డిజ్రేలీ గియర్స్’ ముగించారు. వీసాల గడువు అయిపోతోంది. ఇంజినీరు టామ్ డౌడ్, నిర్మాత ఫెలిక్స్ పాపలార్డి. సంస్థ అధిపతి అహ్మెట్ ఎర్టెగన్ దృష్టిలో తార క్లాప్టనే, బ్రూస్ బేస్ వాయించే మనిషి మాత్రమే. అలాంటి చోట బ్రూస్ తన పాటలు వినిపించాల్సి వచ్చింది.

మాకు ఎట్టకేలకు ‘సన్‌షైన్’ దక్కింది. జనవరి 29న సావిల్ థియేటర్‌లో హెండ్రిక్స్ కచేరీ చూసి వచ్చి బ్రూస్ కట్టిన రిఫ్ అది. అట్లాంటిక్ వాళ్లకు మొదట నచ్చలేదు. పేరున్న ఆర్గన్ కళాకారుడు బుకర్ టి. జోన్స్ బాగుందన్నాకే దానికి మన్నన దొరికింది. మరుసటి ఏడాది అమెరికాలో అయిదో స్థానం దాకా వెళ్లింది. రిఫ్ మా గిటారిస్టుకు ముందే వచ్చు. ఇబ్బంది అన్నకు. రాక్‌లో చప్పట్లు పడేది రెండో దెబ్బ, నాలుగో దెబ్బ మీద. చర్చి పాటల్లోనూ అంతే. ఈ పాటలో బేకర్ ఒకటి, మూడు మీద బరువు వేశాడు. ఆ ఆలోచన తానే ఇచ్చానని డౌడ్ అనేవాడు, బేకర్ ఒప్పుకునేవాడు కాదు. ఎవరిదైతేనేం, అన్న చేతులు పాత అలవాటుకే లాగేస్తుంటే చివరికి ఆ దెబ్బలు వేసే స్నేర్ డ్రమ్ము వైపు చూడకుండా టామ్‌ల మీదే వాయించమన్నాను. దారికొచ్చింది.

నాకు మాత్రం ‘స్ట్రేంజ్ బ్రూ’ మీద మక్కువ. ముందు ‘లాడీ మామా’ అనే బ్లూస్ పాటకు వాయిద్యాలు రికార్డు చేశారు. పాపలార్డి ఆ టేపు ఇంటికి తీసుకెళ్లి, భార్య గెయిల్ కాలిన్స్‌తో కలిసి కొత్త పాట కట్టి తెచ్చాడు. బ్రూస్ బేస్ మాత్రం పాత పాటకు వాయించినదే ఉండిపోయింది. కొత్త పాటకు ఒకచోట అది అతకదు, తప్పు స్వరం పడిందని బ్రూస్‌కు చాలాకాలం మనసులో కుట్టింది. ఆ చోటును సరిదిద్ది వాయించాను, అలాగే వదిలేసీ వాయించాను. వదిలేస్తేనే బాగుంది. ఇది బ్రూస్ వింటే ఒప్పుకునేవాడు కాదేమో.

ఆగస్టు చివర్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో బిల్ గ్రాహమ్ నడిపే ఫిల్‌మోర్ హాలుకు వెళ్లేసరికి న్యూయార్క్ బెడద తీరింది. అక్కడి జనం ఎంతసేపు వాయిస్తే అంతసేపు వింటారు. రికార్డులో ఆరున్నర నిమిషాల ‘స్పూన్‌ఫుల్’ తర్వాతి కచేరీ రికార్డింగులో పదహారు నిమిషాలు దాటింది. దానితో పాటే ఆంప్లిఫయర్లు పెరిగాయి. వంద వాట్ల మార్షల్ పెట్టెలు క్లాప్టన్ వెనక ఒక గోడ, బ్రూస్ వెనక ఒక గోడ. ఒకసారి తాను వాయించడం ఆపేసి నిలబడినా మిగిలిన ఇద్దరూ గమనించలేదని క్లాప్టన్ తర్వాత చెప్పాడు. ఈ దశ మా గదిలోనూ వచ్చింది. నేను పెంచితే వాడు పెంచాడు, వాడు పెంచితే అన్న కర్రలు మార్చాడు. గది యజమాని వచ్చి మెయిన్ స్విచ్ ఆపేసే దాకా ఎవరం తగ్గలేదు. అప్పటి నుంచి ఆంప్ మీటల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసి ఉంది. దాన్ని దాటితే ఆ పూట టీ ఖర్చు దాటినవారిదే.

డబ్బు లెక్క కూడా ముందే మాట్లాడుకున్నాం, దానికీ వాళ్లే కారణం. పాట రాసినవారికే రాయల్టీ వెళ్లే పద్ధతిలో బ్రూస్, పీట్ బ్రౌన్‌లకు జీవితాంతం ఆదాయం వచ్చింది. పాటల నడక మలిచిన తనకు వాటా లేదని బేకర్ చివరి దాకా కోపంగానే ఉన్నాడు. మేము సొంతంగా కట్టినవి ఉన్నవే రెండు ముక్కలు. వాటి మీద మూడు పేర్లూ రాసి సంతకాలు పెట్టాం. ఆ పాటలకు పైసా వచ్చేది లేదని తెలిసీ సంతకాలు పెట్టడం చూసి ఇంట్లో నవ్వారు.

1968 నవంబరు 26న రాయల్ ఆల్బర్ట్ హాల్లో క్రీమ్ ముగిసింది. మేము 1968లోకి ఇంకా అడుగుపెట్టలేదు. గుమ్మంలో ‘వైట్ రూమ్’ ఉంది. మొదట్లో అయిదు మాత్రల నడక వస్తుంది, అది అన్నకు ఇప్పటికే పట్టుబడింది. చిక్కు అది కాదు. రికార్డులో పాపలార్డి వయోలా వాయించాడు. అంటే క్రీమ్ కూడా చివరికి నాలుగో మనిషిని గదిలోకి రానిచ్చింది. ఆర్కెస్ట్రా రోజుల్లో నా పక్కన వయోలిన్ వాయించిన మాస్టారిని అడిగాను. పాట పంపించమన్నారు, విన్నారు, వయోలిన్ మీదే సర్దుతానన్నారు. శ్రావణంలో ముహూర్తాలు అయిపోయాక వస్తారట.